ఆర్‌ఎక్స్ 100 (యమహా బైకు): కాస్త దూరం పోయాక పెట్రోల్ అందడం లేదు, కారణం ఏమై ఉంటుంది?

నమస్తే అండీ. మా నాన్నగారి 1994 ఆర్‌ఎక్స్ 100 ఏళ్ల తరబడి షెడ్డులోనే ఉండిపోయింది. ఈ మధ్యే బయటికి తీశాను. స్టార్టింగ్‌కు ఢోకా లేదు, ఒక్క కిక్కు చాలు. ఊళ్లో మెల్లగా తిరిగితే బాగానే ఉంటుంది. హైవే ఎక్కి యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే మాత్రం కాసేపటికి గుక్కపట్టి ఆగిపోతుంది. ఆగేముందు చోక్ లాగితే రెండు క్షణాలు పుంజుకుంటుంది. పది నిమిషాలు ఆగితే మళ్లీ మామూలే.

ఆగిన వెంటనే కార్బ్యురేటర్ కింద డ్రెయిన్ బోల్ట్ విప్పితే కొన్ని చుక్కలే వచ్చాయి. కాబట్టి స్పార్క్ ప్లగ్, కాయిల్ మీద నాకు అనుమానం లేదు. ట్యాంకు కింది పెట్రోల్ ట్యాప్ దగ్గర పైపు పీకి సీసాలోకి వదిలితే మొదట ధారగా వచ్చి, పోనుపోను సన్నబడుతోంది. ట్యాంకు మూత తీస్తే కొంచెం పెరుగుతుంది గానీ పూర్తి ధార రాదు. రిజర్వ్‌లో పెట్టినా అంతే. సీసా అడుగున ఎర్రటి తుప్పు పొడి చేరింది.

మూతలోని గాలి రంధ్రం, ట్యాప్ జాలీ రెండూ పూడుకుపోయి ఉంటాయా? మెకానిక్ పైపు మధ్యలో కాగితపు ఫిల్టర్ పెట్టమంటున్నాడు. ఫ్యూయల్ పంపు లేని బండికి అది ధారను ఇంకా తగ్గించదా? టూ స్ట్రోక్ కదా, పెట్రోల్ తక్కువై పిస్టన్ పట్టేస్తుందేమోనని టెన్షన్. ట్యాంకు తుప్పు ఇంట్లోనే వదిలించినవాళ్లు ఏం వాడారో, ఆ తర్వాత లోపల కోటింగ్ వేయించారో లేదో చెప్పగలరా?