స్పోకు చక్రాల పాత కారు: బెల్టు టైరుకు వేయాలా, యాక్సిల్‌కు వేయాలా?

చిత్తూరు_పాతబండి:
మా మేనమామ గారి నుంచి నా చేతికి వచ్చిన ఎం.జి. టి.సి. కారును చిత్తూరు నుంచి బెంగళూరులోని ఒక వర్క్‌షాపుకు చేర్చవలసి ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో తయారీ మొదలైన నమూనా ఇది. నాలుగూ 19 అంగుళాల స్పోకు చక్రాలు, ఒక్కొక్క దాని మధ్యలో రెండు చెవుల నట్టు. ఇంజను తిరుగుతోంది గానీ బ్రేకులను నమ్మలేను. దారిలో మొగిలి ఘాట్ ఉన్నందున నడుపుకుంటూ పోయే ఆలోచన పెట్టుకోలేదు. బండి ముందు భాగం ఎత్తి లాగితే చాలునని ఒకరు, ఫ్లాట్‌బెడ్ (బండిని పూర్తిగా మోసుకుపోయే చదునైన లారీ) మీదికి ఎక్కించి టైర్ల మీదుగా బెల్టులు వేయాలని మరొకరు, చక్రాన్ని తాకనే కూడదు, యాక్సిల్‌కే (చక్రాలను మోసే ఇరుసుకే) కట్టాలని ఇంకొకరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలో కారణాలతో సహా చెప్పగలరా?

రేణిగుంట_రికవరీ:
నేను ఈ వృత్తిలోనే ఉన్నాను. తక్కువ దూరమైతే ముందు చక్రాలు ఎత్తి, గేరు న్యూట్రల్‌లో పెట్టి లాగడంలో తప్పేమీ లేదు. ఘాట్ దారి కనుక ఫ్లాట్‌బెడ్ కావాలంటే, టైరు మీదుగా మూడు కొసల బెల్టు వేసి బిగించడమే మేము చేసే పద్ధతి. స్పోకుల సందులోంచి బెల్టు దూర్చడం మాత్రం తప్పు, అది మేమూ చేయము. ఇక యాక్సిల్‌కు కట్టడమంటే, కింద దూరి ఏ పైపు ఎక్కడుందో చూడకుండా కొక్కెం తగిలిస్తే బ్రేకు పైపు తెగుతుంది. ఆ నష్టం ఎవరు భరిస్తారు?

తిరుపతి_స్పానర్:
రికవరీ గారి అనుభవాన్ని కాదనను. అయితే పై మాటల్లో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. చక్రాన్ని రోడ్డు మీద దొర్లనిస్తూ లాగవచ్చా అన్నది ఒకటి, బండిని పూర్తిగా పైకి ఎక్కించాక ఎక్కడ కట్టాలన్నది రెండవది.

మొదటిదానికి నా జవాబు కూడదనే. ముందు భాగం ఎత్తితే నేల మీద మిగిలేవి వెనక చక్రాలు. అవి తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్టు (గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు పోయే కడ్డీ), దానితోపాటు గేరుబాక్సులోని మెయిన్ షాఫ్టు కూడా తిరుగుతాయి. ఇంజను ఆగి ఉన్నందున కింద నూనెలో మునిగి ఉండే లేషాఫ్టు అనే రెండో షాఫ్టు తిరగదు. నూనెను పైకి చిమ్మే పని ముఖ్యంగా దానిదే. న్యూట్రల్‌లో ఉంది కదా అని ధీమాగా కూర్చుంటే పైనున్న బుష్‌లు నూనె అందక అరుగుతాయి. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి లాగవచ్చు, నిజమే, కానీ అంత శ్రమ పడేవారు ఫ్లాట్‌బెడ్‌నే పిలిపించుకుంటారు.

వెనక భాగం ఎత్తి లాగుదామంటే మరొక చిక్కు ఉంది: అప్పుడు ముందు చక్రాలు వెనక్కు దొర్లుతాయి. ఈ బండిలో చక్రం నట్టుకు ఎడమ వైపు మామూలు త్రెడ్డు, కుడి వైపు రివర్స్ త్రెడ్డు ఉంటాయి. బండి ముందుకు పోతున్నంతసేపు హబ్బు (యాక్సిల్ కొసన చక్రం కూర్చునే భాగం) మీద చక్రానికుండే సన్నని కదలిక నట్టును బిగించే వైపుకే నెడుతుంది; వెనక్కు దొర్లితే అదే కదలిక వదులయ్యే వైపుకు నెడుతుంది. స్ప్లైన్లు (హబ్బు, చక్రం ఒకదాన్నొకటి పట్టుకునే పళ్లు) బాగుండి, రాగి సుత్తితో నట్టు గట్టిగా బిగించి ఉంటే ఒక్క ప్రయాణంలో ఊడిపోదు. కానీ ఇంత పాత బండిలో స్ప్లైన్లు బాగున్నాయని చక్రం విప్పి చూడకుండా ఎవరు హామీ ఇవ్వగలరు?

ఇక అసలు వివాదం రెండవ ప్రశ్న మీద. నులకమంచంలో నులక ఎలాగో ఈ చక్రంలో స్పోకు అలాగే: లాగుడును మోస్తుంది, తోపుడును మోయలేదు. బండి బరువు మీద పడ్డప్పుడు అడుగున ఉన్న స్పోకుల బిగువు తగ్గుతుందే తప్ప అవి స్తంభాలలా నిలబడి మోయవు. నిలువు బరువును ఇది బాగానే తట్టుకుంటుంది. పక్క నుంచి వచ్చే బలానికి మాత్రం సులువుగా లొంగుతుంది. ఎందుకంటే స్పోకులు హబ్బు నుంచి రిమ్ముకు చాలా తక్కువ వాలుతో పోతాయి.

యాక్సిల్‌కు కడితే చక్రం మీద భారమే పడదని అనుకోవడం పొరపాటు. బెల్టు యాక్సిల్‌ను కిందికి లాగితే ఆ బలం హబ్బు, స్పోకులు, రిమ్ము, టైరు మీదుగానే ఫ్లాట్‌బెడ్ బల్లకు చేరుతుంది. అయితే అది బండి బరువు వచ్చే దిశలోనే వస్తుంది కనుక హాని లేదు. మలుపుల్లో బండి పక్కకు ఒరిగినప్పుడు ఆ పక్క బలంలో ఎక్కువ భాగాన్ని ఏటవాలుగా కట్టిన బెల్టులే పట్టుకుంటాయి, చక్రం దాకా రానీయవు. టైరుకు కట్టినప్పుడు ఇది తలకిందులవుతుంది. బెల్టు బిగింపు హబ్బు దాకా పోకుండా టైరులోని గాలి మీద, రిమ్ము మీద ఆగిపోతుంది, అది మంచిదే. కానీ మొగిలి మలుపుల్లో ఊగే బండి భారమంతా హబ్బు నుంచి స్పోకుల మీదుగానే టైరుకు, అక్కడి నుంచి బెల్టుకు పోవాలి. మంచి చక్రం రోడ్డు మీద మలుపు తిరిగినప్పుడు మోసే భారం కూడా అటువంటిదే కనుక తట్టుకుంటుంది. తుప్పు పట్టిన నిపుళ్లు (స్పోకు కొనను రిమ్ముకు బిగించే చిన్న నట్లు), వదులైన స్పోకులు ఉన్న చక్రం మీద మాత్రం నాకు ఆ నమ్మకం లేదు.

కాబట్టి కట్టే చోటును చక్రం స్థితిని చూసి తేల్చాలి. పైగా ఈ టి.సి.కి టైరు కొలత 4.50-19, అంటే వెడల్పు 11 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. ఇప్పటి కార్ల వెడల్పు టైర్ల కోసం కుట్టిన మూడు కొసల బెల్టు అంత సన్నని టైరు మీద నిలవక పక్కకు జారి, చివరికి స్పోకుల మీదనే కూర్చుంటుంది.

మదనపల్లె_బుల్లెట్:
చక్రం స్థితిని చూడాలన్నారు గనుక ఒక మాట. బుల్లెట్ చక్రాలకు బెండు తీసే ఏ దుకాణంలోనైనా ఇది చేస్తారు: చక్రాన్ని జాకీ మీద పైకి ఎత్తి, చిన్న స్పానర్‌తో ఒక్కొక్క స్పోకును తట్టుకుంటూ పోవాలి. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. వరుసగా రెండు మూడు మొద్దుగా పలికితే ఆ చక్రాన్ని నమ్మవద్దు. ప్రయాణానికి ముందు కంగారుపడి వాటిని బిగించకూడదు కూడా. తుప్పులో నిపుల్ తిరగక స్పోకే మెలిపడుతుంది, లేదా స్పోకు కొన లోపలికి పొడుచుకొచ్చి ట్యూబును చిల్లు పొడుస్తుంది. ఈ చక్రాలలో ట్యూబు తప్పదు కదా.

రేణిగుంట_రికవరీ:
స్పానర్ గారు చెప్పిన వెడల్పు సంగతి ఒప్పుకుంటాను, మా బెల్టులు ఇప్పటి కార్ల కోసం కొన్నవే. అయినా యాక్సిల్ విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది. కొత్త కార్లలో అడుగున ప్లాస్టిక్ మూతలే కనిపిస్తాయి, అందుకే మా కుర్రవాళ్లకు టైరుకు కట్టడమే నేర్పాము. వాళ్లు అలవాటు లేని చోట కొక్కెం వేస్తే చక్రం కంటే పెద్ద నష్టం జరుగుతుంది. దానికి బదులు ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) కట్టవచ్చు కదా?

తిరుపతి_స్పానర్:
ఛాసిస్‌కు కడితే ఆకు స్ప్రింగులు అణిగినప్పుడల్లా బెల్టు సడలుతుంది, గుంత దాటగానే కుదుపుతో మళ్లీ బిగుసుకుంటుంది. అలా కుదిపి కుదిపి పాత కలప చట్రం మీది బాడీని వదులు చేసుకోవడం నాకు ఇష్టం లేదు.

యాక్సిల్ భయానికి మాత్రం ఈ బండిలో అంత అవసరం లేదు. దీనికి ముందు కూడా అడ్డంగా దూలంలాంటి యాక్సిలే ఉంది, వెనక ట్యూబు యాక్సిల్ ఉంది. నాలుగు చోట్లా చేతికి అందుతాయి. ఇదే జాగ్వార్ ఈ-టైప్ అయి ఉంటే వెనక చుట్టడానికి యాక్సిల్ ట్యూబే ఉండదు కనుక నేను ఈ సలహా ఇచ్చేవాడిని కాదు. ఇనుప కొక్కెం వాడకూడదు. రెండు కొసలా ఉచ్చు ఉన్న మెత్తని పొట్టి బెల్టును యాక్సిల్ చుట్టూ వేసి, ఆ రెండు ఉచ్చుల్లోకి రాచెట్ బెల్టును (మీట తిప్పి బిగించేదాన్ని) తగిలించాలి. వెనక యాక్సిల్ మీద పాకే బ్రేకు పైపును ముందుగా వేలితో తడిమి, బెల్టు దాని మీద పడకుండా చూసుకోవాలి. ముందు వైపు స్టీరింగు రాడ్డు మీద బెల్టు పడకూడదు. బండి బరువు సుమారు 800 కిలోలే, కనుక రాచెట్‌ను బలం కొద్దీ తిప్పనక్కరలేదు. చిత్తూరు నుంచి పలమనేరు వైపు ఘాట్ ఎక్కుడు గనుక బండి వెనక్కు జారబోతుంది. అప్పుడు ఆపేవి ముందు వైపు బెల్టులు. సడన్ బ్రేకు వేసినప్పుడు ఆపేవి వెనకవి. రెంటినీ సమానంగా చూడాలి, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టాలి.

చిత్తూరు_పాతబండి:
ఈ సాయంత్రం బుల్లెట్ గారు చెప్పినట్లు స్పోకులన్నీ తట్టి చూశాను. ముందు రెండు చక్రాలూ, వెనక కుడిదీ బాగా పలికాయి. వెనక ఎడమ చక్రంలో వాల్వుకు పక్కనే ఉన్న మూడు స్పోకులు మొద్దుగా పలికాయి, ఒక దాని నిపుల్ చుట్టూ తుప్పు పొడి రాలింది. స్టెప్నీ చక్రం బాగానే ఉంది కనుక దాన్ని ఆ స్థానంలో వేసి, నాలుగు చోట్లా యాక్సిల్‌కే కట్టిస్తాను. రికవరీ గారూ, మీ ఫ్లాట్‌బెడ్ ఖాళీగా ఉన్న రోజు చెబితే, ఉచ్చు బెల్టులు నేనే కొని తెస్తాను, కింద దూరి చుట్టే పనీ నేనే చేస్తాను. బంగారుపాళెం దగ్గర, ఘాట్ మొదలవకముందే, బండి ఆపి బెల్టులు ఒకసారి చూసుకోవడానికి మీకు అభ్యంతరం లేదు కదా?

రేణిగుంట_రికవరీ:
అభ్యంతరం లేదండి. పలమనేరులో మరోసారి ఆపుదాం. ర్యాంపు ఎక్కించేటప్పుడు వించి (బండిని పైకి లాగే యంత్రం) తాడును మాత్రం నేను చెప్పిన చోటే తగిలించాలి, అందులో చర్చ లేదు.