ఈ వారం సమస్య: కొనకయే యుండువాడె తా కొన్నవాడు

పర్లాకిమిడి నుంచి అందరికీ నమస్కారం. సమస్య పైన ఉన్న పాదమే, ఛందస్సు తేటగీతి. ముందు మూడు పాదాలు మీరు రాసి, ఈ పాదంతో పద్యం ముగించాలి. ఇది ఏ అవధానంలోంచి తీసింది కాదు, మా ఇంట్లోనే పుట్టింది. మా అక్క కొడుకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో గేమింగ్ కంప్యూటర్ కట్టుకుంటున్నాడు. దసరాకి ముందే ప్రాసెసర్, బోర్డు, ఎస్‌ఎంపీఎస్, కేబినెట్ అన్నీ కొనేసి, ర్యామ్ (కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ) ఒక్కటి మాత్రం దీపావళికి ఇంకాస్త తగ్గుతుందేమోనని ఆగాడు. అప్పుడు నాలుగు వేల లోపున్న 16 జీబీ సంక్రాంతికి పదివేలు దాటింది. కేబినెట్ వాడి మంచం పక్కనే ఉంది, అద్దం తలుపు మీది ప్లాస్టిక్ పొర కూడా ఇంకా తీయలేదు. రోజూ పడుకునే ముందు ధర చూసుకుంటాడు, మాట్లాడకుండా ఫోన్ బోర్లా పెట్టేస్తాడు. అది చూసిన రాత్రి వచ్చిన పాదం ఇది.

ఇంగ్లిష్ మాటలు పద్యంలోకి రానివ్వచ్చా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నాను, రానివ్వండి. గిడుగు రామమూర్తి గారు 1880 నుంచి పాఠాలు చెప్పిన ఊరు మాది. నోట్లో ఉన్న మాటను పద్యం గుమ్మం దగ్గర ఆపడం నాకు ఇష్టం లేదు. గణాలు (గురులఘువుల గుంపులు), యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ కుదరడం) మాత్రం సడలించను.

బరంపురం నుంచి

ధరలు మిన్నంటు కాలాన తాళి తాళి
గనుల వారలు కార్డులన్ గట్టగట్టి
విడిచిపెట్టెడు వరకును వేచి చూచి
కొనకయే యుండువాడె తా కొన్నవాడు

ఇది నా సొంత అనుభవం. 2021లో గ్రాఫిక్స్ కార్డులు దొరకలేదు, గుర్తుందిగా. ఈథర్ అనే క్రిప్టో నాణేలు ఆ కార్డులతో లెక్కలు కట్టించి సంపాదించేవాళ్లు, అంటే తవ్వేవాళ్లు, ఉన్నవన్నీ ఊడ్చుకుపోయారు. ఆ ఫిబ్రవరిలో ఎన్‌విడియా వాళ్లు ఆర్‌టీఎక్స్ 3060ని, తవ్వకానికి పెడితే వేగం సగమయ్యేలా కట్టడి చేసి మరీ వదిలారు, అయినా ధర దిగలేదు. నేను ఏడాదిన్నర పాత కార్డుతోనే నెట్టుకొచ్చాను. 2022 సెప్టెంబర్ 15న ఆ నాణేల నెట్‌వర్క్ ఈథరియం పద్ధతి మారి కార్డులతో తవ్వడం ఆగిపోయింది, ఆ తర్వాత వాడిన కార్డులు సంతలో వంకాయల్లా కుప్పలు పోశారు. అప్పుడు తీసుకున్నాను.

జయపురం నుంచి

అన్నగారూ, పద్యం ధారగా ఉంది. ‘ధరలు – తాళి’, ‘విడిచి – వేచి’ యతులు చక్కగా కుదిరాయి. ఒక్క మాట దగ్గర ఆగాను. మా కొరాపుట్ జిల్లాలో గనులవారు అంటే పంచపట్మలి కొండ మీద బాక్సైట్ తవ్వేవాళ్లే. మీ వివరణ చదవని మనిషికి వాళ్ల దగ్గర కార్డులెందుకున్నాయో అర్థం కాదు. రెండో పాదం ‘నాణెములవారు కార్డులన్ నడుమ దింపి’ అంటే ఎలా ఉంటుంది? గణాలు సరిపోతాయి, నా–న యతి కూడా ఉంది.

బరంపురం నుంచి

బాగుందమ్మా, అలాగే మార్చుకుంటాను.

రాయగడ నుంచి

నాకు పద్యంతో పేచీ లేదు గానీ భావంతో ఉంది. ఆగితే దొరుకుతుంది అన్నది కార్డుల విషయంలో నిజమైంది, ర్యామ్‌కి ఆ ధీమా పెట్టుకుంటే పర్లాకిమిడి అబ్బాయిలా అవుతుంది. అప్పుడు తవ్వేవాడు మానేస్తే కార్డులు బయటికొచ్చాయి. ఇప్పుడు అలా కాదు. మెమరీ చిప్పులు చేసేది ప్రధానంగా మూడు కంపెనీలు, శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఆ ముగ్గురూ ఏఐ డేటా సెంటర్లకి కావలసిన హెచ్‌బీఎం వైపు తిరిగారు. చిప్పుల్ని ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చే ఆ రకం మెమరీకి, అంతే జీబీల మామూలు ర్యామ్ కంటే ఎక్కువ సిలికాన్ పడుతుంది. మైక్రాన్ అయితే 2025 డిసెంబర్‌లో, మనలాంటి వాళ్లకి క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు చెప్పేసింది. అందుకని నేను పాదాన్ని విరిచి పూరించాను.

నిన్న యున్నట్టి ధర నేడు నిలువదాయె
చిప్పులన్నియు సర్వర్ల చెంత జేరె
ఎంత చెప్పిన వినబోక యింక మేలు
కొనకయే యుండువాడె తా కొన్నవాడు

పర్లాకిమిడి నుంచి

‘మేలుకొనకయే’ అని విరవడం చాలా నచ్చింది. ‘చిప్పులన్నియు సర్వర్ల చెంత జేరె’ అన్న పాదం అయితే మా వాడికి చదివి వినిపించాను, రెండుసార్లు చెప్పించుకున్నాడు. మూడో పాదం మాత్రం బలహీనంగా ఉంది బావగారూ. మేలుకోనివాడు ఏం కొన్నాడు, ఎంతకి కొన్నాడు అన్నది పద్యంలో లేదు, మీ వివరణలోనే ఉంది. సమస్యలోని వైరుధ్యం విడిపోవాల్సింది అక్కడే కదా. ఇలా ప్రయత్నించాను, మీకు నచ్చితేనే:

మూడు రెట్లిచ్చి చేజేత, మొదట మేలు
కొనకయే యుండువాడె తా కొన్నవాడు

రాయగడ నుంచి

ఒప్పుకున్నాను. ‘చేజేత’ పడేసరికి నొప్పి తెలిసింది.

జయపురం నుంచి

నేను కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్తాను, బాగుచేయడం కూడా చూస్తాను. ఈ కొరత మొదలయ్యాక వారానికి ఒకరైనా ఇలా వస్తున్నారు.

బోర్డు నాలుగు, తెచ్చిన పుల్ల యైదు
గాటు గాటున కలియదు, గట్టిగాను
నొక్కినను దూరదందులో, చక్క జూచు
కొనకయే యుండువాడె తా కొన్నవాడు

పద్యంలో నాలుగు, ఐదు అన్నది డీడీఆర్4, డీడీఆర్5 అనే ర్యామ్ రకాల్ని. ఆ పుల్లలు రెండిటికీ 288 పిన్నులే, పొడవూ ఒకటే, చేతిలో పట్టుకుంటే కవలపిల్లల్లా ఉంటాయి. తేడా అంతా అడుగునున్న ఆ చిన్న గాటులోనే. మొన్న ఒక తండ్రి వచ్చారు, మల్కనగిరి నుంచి బస్సులో, కూతురి కంప్యూటర్ ఒడిలో పెట్టుకుని. ఎక్కడా దొరకట్లేదని కంగారులో ఏది స్టాక్‌లో ఉంటే అది తెప్పించేశారు. పుల్లని స్లాట్ పైన నిలబెట్టి చూపించాను, గాటు ఒకచోట, స్లాట్‌లోని అడ్డు ఇంకోచోట. ఆయన బొటనవేలితో ఆ గాటుని తడిమి తడిమి చూశారు. ఇంటి దగ్గర గట్టిగా నొక్కారట, అదృష్టం, స్లాట్ పగల్లేదు. అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోం అన్నారు. ఆ మనిషి మొహం చూశాక రాసిన పద్యం ఇది.

కాశీనగర్ నుంచి

అక్కా, మూడో పాదంలో యతి తప్పింది అనుకుంటున్నాను. ‘నొ’కి ‘చ’ ఎలా కుదురుతుంది?

జయపురం నుంచి

అక్కడ మామూలు యతి కాదు తమ్ముడూ, రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి వేశాను. నొక్కి – చక్క, రెండో అక్షరం రెండుచోట్లా ‘క్క’, దాని ముందు రెండుచోట్లా గురువే. తేటగీతికి అది చెల్లుతుంది.

పర్లాకిమిడి నుంచి

చెల్లుతుంది. ర్యామ్ స్టిక్‌ని ‘పుల్ల’ అనడం, నాచ్‌ని ‘గాటు’ అనడం చూడండి, ఎంత హాయిగా ఉందో. ఇందులో ‘కొన్నవాడు’ అన్నదానికి కర్మ వెతుక్కోనక్కర్లేదు, మొదటి పాదంలోనే ఆ పుల్ల ఉంది. ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు ఇదే పై మెట్టు.

కాశీనగర్ నుంచి

నేను డిగ్రీ మొదటి ఏడాది. పద్యం రాయడం ఇది రెండోసారి, తప్పులుంటే చెప్పండి.

చిప్పులోనే గ్రాఫిక్స్ ఉంటె చాలు నాకు
పండుగాయెను మాయింట బాలలకును
వేల రూకలు పోయక వేరె కార్డు
కొనకయే యుండువాడె తా కొన్నవాడు

రైజెన్ 5 5600జీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, వేరే కార్డు అక్కర్లేదు. పెద్ద గేములు ఆడదు, కానీ సెట్టింగులు తగ్గించుకుంటే చాలావాటిని లాగుతుంది. మా తమ్ముళ్లు ఇద్దరూ వంతులేసుకుని ఆడుతున్నారు.

పర్లాకిమిడి నుంచి

తమ్ముడూ, కింది మూడు పాదాలకీ వంక లేదు, నిజంగానే లేదు. మొదటి పాదం నడవలేదు. ‘చిప్పు’ సూర్యగణం సరే, ఆ తర్వాత ఇంద్రగణం రావాలి, కానీ ‘లో-నే-గ్రా’ మూడూ గురువులే. ఇంద్రగణాల్లో అలాంటిది లేదు, మూడోది లఘువైతే త గణం అయ్యుండేది. చి–చాలకి హల్లు కలిసినా అచ్చు కలవలేదు, కాబట్టి యతి కూడా పోయింది. ‘గ్రాఫిక్స్’ అన్న మాట మీద పట్టుదల వదిలేసి ఇలా అనుకో:

చిప్పులోపలె బొమ్మలు చిందులాడ

జయపురం నుంచి

దీనికి ఒక సంగతి కలుపుతాను, ఆ ప్రాసెసర్ వాడేవాళ్లకి పనికొస్తుంది. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే పంచుకుంటుంది. ఒకే పుల్ల పెడితే ఆట తడబడుతుంది. రెండు చిన్న పుల్లలు జంటగా పెట్టుకోవాలి, నాలుగు స్లాట్లున్న బోర్డు అయితే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది.

కాశీనగర్ నుంచి

మాది ఒకటే పుల్ల అక్కా! అందుకేనన్నమాట. పాదం మార్చేశాను మేష్టారూ, ఇప్పుడు చదువుతుంటే నాలుక ఎక్కడా తట్టుకోవట్లేదు.

గుణుపురం నుంచి

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. బడి నుంచి రిటైరయ్యాక ఇంట్లో పాత సామానంతా సర్దుతున్నాను.

పాత పెట్టెల మూలల పడిన ర్యాము
పక్కవాడికి బంగారు పంట గాదె
ఇరుగు పొరుగుతో నున్నవి యిచ్చిపుచ్చు
కొనకయే యుండువాడె తా కొన్నవాడు

‘పడిన ర్యాము’లో ‘న’ తర్వాత జంటాక్షరం వచ్చిందని ఎవరైనా అంటారేమో, అవి వేర్వేరు పదాలు, ‘న’ లఘువుగానే నిలుస్తుంది. అసలు విషయం, పర్లాకిమిడి బాబూ, మీ మేనల్లుడిది ఏ బోర్డు? నా పాత డెస్క్‌టాప్‌లో డీడీఆర్4 పుల్లలు 8 జీబీవి రెండున్నాయి. నేను ఇప్పుడు లాప్‌టాప్ మీదే రాస్తున్నాను.

పర్లాకిమిడి నుంచి

మేష్టారూ, మొదట పద్యం గురించి చెప్పాలని కూర్చున్నాను, ‘ఇచ్చిపుచ్చుకొనకయే’ అని విరుస్తారని నేను ఊహించనే లేదు. నేను పాదం రాసుకున్నప్పుడు నా మనసులో ఉన్నది బరంపురం వారి భావం ఒక్కటే. ఈ పూరణ ముందు అది చిన్నదైపోయింది. ఇందాక పై మెట్టు అన్నది ఇప్పుడు మీకు ఇస్తున్నాను, జయపురం అక్కగారు ఏమీ అనుకోరు.

వాడి బోర్డు బీ450, డీడీఆర్4దే. అక్కగారి పద్యం చదివాక ఇంకోసారి పెట్టె మీద అచ్చు చూసి, స్లాట్‌లో అడ్డు ఎక్కడుందో టార్చి వేసి చూశాను.

గుణుపురం నుంచి

అయితే రేపటి రైల్లో మా తోడల్లుడు మీ ఊరు మీదుగానే వెళ్తున్నాడు, అతని చేతికిస్తాను. యాంటీ స్టాటిక్ కవరు లేదు, పాత బోర్డుతో వచ్చింది ఒకటి ఎక్కడో ఉండాలి, వెతుకుతాను. డబ్బు మాట ఎత్తొద్దు. వాడి దగ్గర పనికిరాని పాత హార్డ్ డిస్క్ ఏదైనా ఉంటే పంపించు, మా బడి ఫొటోలన్నీ దాచుకోవాలి.

పర్లాకిమిడి నుంచి

500 జీబీది ఉంది. వాడు నా పక్కనే నిలబడి చదువుతున్నాడు మేష్టారూ, కేబినెట్ అద్దం మీది పొర తీసేశాడు.