హోమ్ అసిస్టెంట్‌కి ఎస్‌ఎస్‌డీ తప్పదా, ఎస్‌డీ కార్డు చాలదా?

#1
ఇంట్లో లైట్లు, మోటారు లాంటివి నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌ని రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద, ఎస్‌డీ కార్డుతో నడుపుతున్నాను. ఏడాదిన్నరలో రెండు కార్డులు పోయాయి. మొన్న రాత్రి కరెంటు పోయి వచ్చాక ఎర్ర లైటు తప్ప ఏమీ వెలగలేదు. ట్యాంకు నిండితే మోటారు ఆపేది అదే. నీళ్లు మేడ మీంచి కారుతున్నాయని పక్కింటి పిన్నిగారు తలుపు కొట్టేదాకా మాకు తెలియలేదు. ఎస్‌ఎస్‌డీ కొనమంటారా?

#2
వద్దండి. సెన్సర్ల రీడింగులు దాచే రికార్డర్ మామూలుగా 5 సెకన్లకోసారి డేటాబేస్‌లో రాస్తుంది. దాన్ని 30 చేయండి. వోల్టేజీలా క్షణక్షణం మారే గోల సెన్సర్లను రికార్డర్ జాబితాలోంచి తీసేయండి. సీసీ కెమెరాల కోసం అమ్మే ఎండ్యూరెన్స్ కార్డు వేయండి. నాది మూడేళ్లుగా నడుస్తోంది.

#3
#2 గారూ, రాతలు తగ్గించడం మంచిదే, కాదనను. కానీ ఆయన కార్డు పోయింది కరెంటు పోయినప్పుడు. రాస్తుండగా కరెంటు పోతే ఆ ఒక్క ఫైలే కాదు, కార్డు తన లోపల అటూ ఇటూ సర్దుకుంటున్న పాత డేటా కూడా పాడవచ్చు. అందుకే బూట్ కూడా కాదు. ఎస్‌ఎస్‌డీకీ ఆ ప్రమాదం లేకపోలేదు, కానీ రోజంతా రాతలు తట్టుకోవడానికి చేసిన వస్తువు అది. నేనైతే మారమనే అంటాను.

రాస్ప్‌బెర్రీ పై 4కి యూఎస్‌బీ బూట్, అంటే కార్డు లేకుండా యూఎస్‌బీ డిస్కు నుంచే ఆన్ కావడం, 2020లో బూట్‌లోడర్ అప్‌డేట్‌తో వచ్చింది. పాత బోర్డయితే ముందు అది చేయండి. ఫుల్ బ్యాకప్ తీసి, దాని ఎన్‌క్రిప్షన్ కీతో సహా ల్యాప్‌టాప్‌లో దాచండి. ఎస్‌ఎస్‌డీ మీద ఓఎస్ రాసి, కార్డు తీసేసి ఆన్ చేయండి. మొదటి స్క్రీన్‌లోనే రీస్టోర్ అడుగుతుంది.

#4
ఒక్క మాట. నేను ఎస్‌ఎస్‌డీని నీలం (యూఎస్‌బీ 3) పోర్టులో పెట్టిన రోజే జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతిలో నడిచే బల్బులు ఒక్కొక్కటే పలకడం మానేశాయి. యూఎస్‌బీ 3 రొద 2.4 గిగాహెర్ట్జ్‌లో పడుతుంది, జిగ్‌బీదీ అదే బ్యాండు. బల్బులతో మాట్లాడే జిగ్‌బీ డాంగిల్‌ని నల్ల (యూఎస్‌బీ 2) పోర్టుకి మార్చి, మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా పెడితే కుదిరింది. కేబుల్ కూడా అప్పుడే కొనేయండి.

#2
#3 గారి మాట సరే, కరెంటు సంగతి నేను పట్టించుకోలేదు. అయితే ముందు రాస్ప్‌బెర్రీ పైకి చిన్న యూపీఎస్ పెట్టండి, ఎస్‌ఎస్‌డీ తర్వాతైనా కొనొచ్చు. మోటారుకి మాత్రం, ట్యాంకు నిండగానే తనే ఆపేసే ఫ్లోట్ స్విచ్ విడిగా పెట్టించండి. నీళ్ల పని ఏ డిస్కు మీదా ఆధారపడకూడదు.

#1
ఫ్లోట్ స్విచ్‌కి ఎలక్ట్రీషియన్‌ని రేపే రమ్మన్నాను. యూపీఎస్, ఎస్‌ఎస్‌డీ రెండూ ఈ నెలలోనే పెడతాను. బ్యాకప్ ఇప్పుడే తీస్తున్నాను.