రమ్, పాల కాక్‌టెయిల్‌లో క్రీమ్ వేయాల్సిందేనా?

చల్లగాలి:
రమ్‌లో పాలు కలిపే కాక్‌టెయిల్ అనగానే అందరూ క్రీమ్ ప్యాకెట్ కత్తిరించేస్తున్నారు. అక్కర్లేదని నా వాదన. 60 ఎం.ఎల్. డార్క్ రమ్, 120 ఎం.ఎల్. చిక్కటి చల్లని పాలు, రెండు చెంచాల చక్కెర పాకం, రెండు చుక్కల వెనీలా. ఐస్ వేసి మూత బిగించి, షేకర్ పట్టుకోలేనంత చల్లబడేదాకా ఊపండి. పైన కాస్త జాజికాయ తురుము. న్యూ ఆర్లీన్స్‌లో మిల్క్ పంచ్ అని తాగేది దాదాపు ఇదే, అక్కడ ఎక్కువగా బ్రాందీయో, బర్బన్ అనే అమెరికన్ విస్కీయో పోస్తారంతే. క్రీమ్ వేస్తే నాలుకంతా కొవ్వు పట్టేసి రమ్ ఉందో లేదో తెలియదు. కాదనేవాళ్లు రండి.

మీగడతరక:
వచ్చాను. మీరు చెప్పింది మొదటి రెండు గుక్కల వరకే. ఆ తర్వాత ఐస్ కరిగి, పాల గ్లాసు కడిగిన నీళ్లలా ఉంటుంది. పాలలో కొవ్వు 3-4 శాతం, విప్పింగ్ క్రీమ్‌లో 30 పైమాటే. చిక్కదనం ఊరికే వస్తుందా? పైగా రమ్ పడగానే పాలు విరుగుతాయేమోనని టెన్షన్ ఒకటి. నా లెక్క 45 రమ్, 30 క్రీమ్, 30 పాలు.

కొలతలరాజు:
ఆ టెన్షన్ మాత్రం అనవసరమండీ. పాలు కొనేటప్పుడు డెయిరీల్లో ఆల్కహాల్ టెస్ట్ చేస్తారు. పాలు, 68 శాతం ఆల్కహాల్ చెరిసగం కలిపి చూస్తారు. తాజా పాలైతే అలాగే ఉంటాయి, పులుపెక్కడం మొదలైనవైతే గాజు గోడకి సన్నటి పలుకులు అంటుకుంటాయి. మామూలు రమ్ బలం 40 శాతం, ఆపైన కొంచెం. కాబట్టి గ్లాసులో పాలు విరిగాయంటే నేరం రమ్‌ది కాదు, పాతబడ్డ పాలదో, మీరు పిండిన నిమ్మకాయదో. పులుపు పెరిగేకొద్దీ పీహెచ్ అనే కొలత తగ్గుతుంది, అది 4.6 దగ్గరికి దిగితే పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ ముద్దకడుతుంది. పైనాపిల్ రసంతో ఇంకా చిక్కు. దాని పులుపుకి తోడు బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ప్రొటీన్‌ని ముక్కలు చేసి చేదు తెస్తుంది. అది కావాలంటే పాలు మానేసి కొబ్బరి క్రీమ్ పట్టుకోండి, పినా కొలాడా అవుతుంది.

అన్నట్టు, కావాలనే పాలు విరగ్గొట్టి వడగట్టే మిల్క్ పంచ్ కూడా ఉంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1763లో ఒక మిత్రుడికి ఆ రెసిపీ ఉత్తరంలో పంపాడు. తేటగా ఉంటుంది కాబట్టి ఇక్కడి గొడవకి పనికిరాదు.

మీగడతరక:
సరే రాజుగారూ, విరగడం సంగతి వదిలేశాను. నీళ్లపాలవడం సంగతి ఎవరూ మాట్లాడరేం?

సగంగ్లాసు:
ఐస్ వేస్తేనే కదా కరిగేది? ప్యూర్టో రికోలో క్రిస్మస్‌కి చేసే కొకిటో చూడండి. రమ్, కొబ్బరి పాలు, కండెన్స్‌డ్ మిల్క్, దాల్చిన చెక్క. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, చిన్న గ్లాసుల్లో వంచుకుంటారు. షేకర్‌తో పనే లేదు.

చల్లగాలి:
కండెన్స్‌డ్ మిల్క్‌లో దాదాపు సగం చక్కెరే. ఆ తీపిలో మందు ఘాటు తెలియదు, ఎంత తాగామో లెక్క తప్పుతుంది. అది మిఠాయి తినేవాళ్లకి వదిలేయండి.

ఇక ఐస్ గురించి. షేక్ చేశాక వడగట్టి ఖాళీ గ్లాసులో పోస్తే సరిపోతుంది. చల్లదనం నిలవాలంటే ఐస్ ట్రేలో నీళ్లకి బదులు పాలే పోసి గడ్డకట్టించండి. కరిగినా పాలే. ఒక్క జాగ్రత్త, కాచిన పాలైతే మీగడ తీసేయండి. లేకపోతే ఆ తరకలు షేకర్ జల్లెడకి అడ్డం పడతాయి, తప్పించుకున్నవి పెదవికి అంటుకుంటాయి. (మీ పేరు మీద కోపంతో అంటున్నది కాదు!)

మీగడతరక:
పాల ఐస్ కరిగేటప్పుడు కొవ్వు విడిపోయి పైన తేలుతుంది, జిడ్డుగా. అప్పుడు మీరే చెంచా పెట్టి కలుపుతూ కూర్చోవాలి. నేను నా ప్యాకెట్ కత్తిరించుకుంటాను.