అన్నం గిన్నె దగ్గర గుర్రుమంటే కొట్టాలా, చికెన్ ముక్క వేయాలా?

కూకట్‌పల్లి కోడలు:
మా చిట్టి 14 నెలల దేశీ కుక్క. పిల్లగా ఉన్నప్పుడు మా సెల్లార్‌లో దొరికింది. రెండు వారాలుగా పెరుగన్నం పెట్టాక ఎవరు దగ్గరికెళ్లినా గుర్రుమంటోంది. మొన్న మా ఆరేళ్ల పాప పక్కనుంచి వెళ్తే పళ్లు చూపించింది. మామయ్యగారు చేతికర్రతో గట్టిగా ఒక్కటేశారు. ఆ రోజు నుంచి గుర్రుమనలేదు. దారిలో పడిందని ఆయన అంటున్నారు. కానీ నేను అటు వెళితే తినడం ఆపేసి, మూతి గిన్నెలోనే ఉంచి, బిగుసుకుపోయి ఓరగా నన్నే చూస్తోంది. నాకు అదే టెన్షన్. కొట్టకుండా, తినేవి ఇచ్చి మార్చవచ్చని కొందరంటున్నారు. ఎవరైనా చేసి చూశారా?

తెనాలి రైతుబిడ్డ:
మీ మామయ్యగారు చేసింది సబబే అమ్మా. దండం దశగుణం అని ఊరికే అనలేదు పెద్దలు. మా నాన్నగారి హయాంలో చేను దగ్గర మూడు కుక్కలుండేవి, ఎవరినీ కరిచింది లేదు. తోడేళ్ల గుంపుకి కూడా ఒక నాయకుడుంటాడు. ఇంట్లో పైచేయి ఎవరిదో కుక్కకు తెలియాలి. గుర్రుమన్నదానికి చికెన్ వేస్తే, గుర్రుమంటేనే ముక్క వస్తుందనుకోదా? జేబులో ముక్క లేని రోజు మాట వింటుందా? అది లంచమే.

విశాఖ వాసి:
అన్నగారూ, మీ మాటే నేనూ చాలా ఏళ్లు నమ్మాను. మా ల్యాబ్రడార్ ఎముక దగ్గర గుర్రుమనేది. నేర్పడానికి వచ్చిన ఒకాయన చోక్ చైన్ (గుంజితే మెడకు బిగుసుకునే గొలుసు) వేయించి, గుర్రుమన్నప్పుడల్లా గుంజమన్నాడు. నెల తిరిగేసరికి ఆ చప్పుడే లేదు, ఎంతో సంతోషించాం. ఐదు నెలల తర్వాత మా అక్క కొడుకు కింద పడ్డ రొట్టె ముక్క తీయబోతే, చిన్న శబ్దం కూడా చేయకుండా వాడి ముంజేయి పట్టేసింది. నాలుగు కుట్లు, రేబిస్ ఇంజెక్షన్లు. దాని భయం అలాగే ఉంది, మేము నోరు మాత్రం మూయించాం. ఆ తప్పు నాదే.

అమ్మా, చిట్టి గుర్రుమనడం కన్నా అలా బిగుసుకుపోవడమే నాకు ఎక్కువ భయంగా ఉంది. ఈ రోజు నుంచే గిన్నె వేరే గదిలో పెట్టి తలుపు వేయండి. పాపను అటు వెళ్లనివ్వకండి. మీరు నేర్పేటప్పుడు అది బిగుసుకోనంత దూరంలో నిలబడండి, ఎనిమిది అడుగులైనా సరే. గిన్నెలో ఉన్నదానికంటే రుచైన ముక్క ఒకటి విసిరి వెనక్కి వచ్చేయండి. మనిషి వస్తే ఉన్నది లాక్కోరు, ఇంకా మంచిది పెడతారని దానికి నమ్మకం కుదరాలి. మీరు కనిపించగానే తలెత్తి, ఒళ్లు వదులుగా ఉంచి తోక ఊపుతుంటేనే ఒక అడుగు దగ్గరికి జరగండి. మళ్లీ బిగుసుకుంటే మీరు తొందరపడ్డట్టే. మాకు ఏడు వారాలు పట్టింది. పాపతో మాత్రం ఈ పని చేయించకండి.

గుర్రుమనేంత దగ్గరికి వెళ్లకముందే ముక్క పడుతుంది కాబట్టి, గుర్రుకు బహుమానం ఇచ్చినట్టు కాదు అన్నగారూ. ముక్క ముందే చూపించి పిలిస్తే లంచమే, ఒప్పుకుంటాను. పిలిస్తే వచ్చాక, ఒకటి రెండు సెకన్లలో జేబులోంచి తీసి ఇస్తే అది వేరు. అలవాటు కుదిరాక ప్రతిసారీ ఇవ్వక్కర్లేదు కూడా.

తోడేళ్ల నాయకుడి మాట 1947లో షెంకెల్ అనే ఆయన బంధించి ఉంచిన తోడేళ్లను చూసి రాసిన దాని నుంచి వచ్చింది. కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించిన డేవిడ్ మెక్, గుంపంటే మామూలుగా తల్లీ తండ్రీ పిల్లలూ ఉండే కుటుంబమేనని 1999లో రాశారు. అంతకుముందు నాయకుడి మాటకు ప్రచారం తెచ్చిన పుస్తకం కూడా ఆయనదే.

తెనాలి రైతుబిడ్డ:
పిల్లాడి సంగతి చదివి బాధేసింది. గిన్నె విషయంలో మీ మాట కాదనను. కానీ గేటు తీయగానే బండి వెనక పరిగెత్తే కుక్కకు చికెన్ గుర్తుంటుందా? ఇద్దరూ ఉద్యోగాలకెళ్లే ఇంట్లో ఏడు వారాలు ఎవరు కూర్చుంటారు?

కరీంనగర్ క్లినిక్ ఉద్యోగిని:
టైమ్ పడుతుంది సార్, అది నిజమే. పిలిస్తే వచ్చే అలవాటు గట్టిపడేదాకా గేటు బయట తాడు విప్పకూడదు. దెబ్బలు తిన్న కుక్కలు కూడా బండ్ల వెనక పరిగెత్తి కాళ్లు విరిగి మా దగ్గరికి వస్తుంటాయి. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కలను పరిశీలించి 2020లో ప్రచురించారు. కొట్టడం, గుంజడం ఎక్కువగా వాడే శిక్షణశాలల కుక్కల్లో, శిక్షణ తర్వాత లాలాజలంలో కార్టిసాల్ (ఒత్తిడి పడినప్పుడు పెరిగే హార్మోన్) ఎక్కువ పెరిగింది. అమెరికాలో జంతు ప్రవర్తన చూసే పశువైద్యుల సంఘం 2021లో బహుమాన పద్ధతి ఒక్కటే వాడమంది.

మేడమ్, ఇది రెండు వారాల కిందే మొదలైంది కదా. ముందు పళ్లు, చెవులు చూపించండి. నొప్పి ఉన్నా ఇలాగే చేస్తాయి.

కూకట్‌పల్లి కోడలు:
రేపు డాక్టర్‌కి చూపిస్తాను. గిన్నె ఇవాళే బాల్కనీలోకి మార్చి తలుపు వేశాను. మామయ్యగారు ఇంకా ఒప్పుకోవట్లేదు, కానీ మళ్లీ కొట్టనని పాపకి మాటిచ్చారు. ఒక్క సందేహం. శనివారం మా ఇంట్లో నీసు వండం. ఆ రోజు చికెన్ బదులు ఏం వేయాలి?

కరీంనగర్ క్లినిక్ ఉద్యోగిని:
పనీర్, లేదా ఉడికించిన చిలగడదుంప. ఉప్పు కారం లేకుండా, చిటికెన వేలి గోరంత ముక్కలు చాలు. ద్రాక్ష, కిస్మిస్, ఉల్లిపాయ తగిలినవి, చాక్లెట్ మాత్రం వద్దు.