స్విచ్డ్ డిజిటల్ వీడియోతో కేబుల్‌లో చోటు మిగులుతుందా?

ప్రశ్న: మా హెడ్‌ఎండ్ (చానళ్లను కేబుల్‌లోకి పంపే కేంద్రం) 64 క్వామ్‌లో (సిగ్నల్‌లోకి డేటా ఎక్కించే పద్ధతి) నడుస్తోంది. కొత్త హెచ్‌డీ చానళ్లకు ఫ్రీక్వెన్సీలు ఖాళీ లేవు. ఎవరూ చూడని చానల్‌ను లైనులోకి వదలకుండా ఆపే ఈ పద్ధతి మాకు పనికొస్తుందా అండీ?

జవాబు 1: ముందు రిటర్న్ పాత్ (ఇంటి బాక్సు నుంచి హెడ్‌ఎండ్‌కు సిగ్నల్ వెళ్లే దారి) ఉందో లేదో చూడండి. బాక్సు "ఫలానా చానల్ కావాలి" అని పైకి అడగాలి, అది ఏ ఫ్రీక్వెన్సీలో ఉందో సర్వర్ తిరిగి చెప్పాలి. అమెరికాలో ఇందుకు 5–42 మెగాహెర్ట్జ్ వాడారు. సిగ్నల్‌ను ఇళ్ల వైపే పంపే వన్‌వే ఆంప్లిఫయర్లున్న లైనులో ఆ అడుగుడే పైకి పోదు. పైగా లాభమంతా అరుదుగా చూసే చానళ్లతోనే. న్యూస్, సీరియళ్ల చానళ్లను ప్రతి నోడ్‌లో (ఒకే లైను పంచుకునే ఇళ్ల గుంపు) ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు, అక్కడ మిగిలేదేమీ ఉండదు.

జవాబు 2: వన్‌వే అయితే 256 క్వామ్‌కు మారండి. ఒక్కో 8 మెగాహెర్ట్జ్ చోటులో 6.875 మెగాసింబల్ రేటుకు (సెకనుకు పంపే సిగ్నల్ మార్పుల లెక్క) సెకనుకు 38 మెగాబిట్లు కాస్తా 50 దాటుతాయి. కాకపోతే ఎంఈఆర్ (సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే కొలత) సుమారు 6 డీబీ ఎక్కువ కావాలి. హెడ్‌ఎండ్‌లో కాదు, చివరి ఇంట్లో కొలవండి. బొమ్మ గళ్లుగళ్లుగా విరిగితే వదులు కనెక్టర్లు, లెవెల్ మరీ పెంచిన ఆంప్లిఫయర్ చూడండి.

ప్రశ్న అడిగినవారు: మరి వీడియోను ఇంకా కుదించే ఎంపెగ్-4కు మారితే?

జవాబు 2: దాదాపు సగం చోటు మిగులుతుంది. పాత ఎంపెగ్-2 బాక్సుల్లో మాత్రం బొమ్మ రాదు, అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్క తీశాకే మార్చండి.