మట్టి కట్టుబడి గోడకు టేకు షెల్ఫ్ ఎలా బిగించాలి?

నమస్కారం. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, నది దాటితే కాళేశ్వరం. తాతయ్య వాళ్ల ఇంటి పాత తలుపులు విప్పితే మంచి టేకు పలకలు వచ్చాయి. ఇప్పుడు అలాంటి కర్ర కొనాలంటే మా వల్ల కాదు, అందుకే ఒక్క ముక్క కూడా పాడు చేయాలని లేదు.

ముందుగదిలో అమ్మ దాచుకున్న నిర్మల్ బొమ్మలు పెట్టడానికి మూడు అరల షెల్ఫ్ చేస్తున్నాను. పొడవు 3 అడుగులు, లోతు 6 అంగుళాలు, పలక మందం ముప్పావు అంగుళం. పైన చిన్న ఆర్చి, కింద నగిషీ చెక్కిన బ్రాకెట్లు. మేకులు లేకుండా పక్క చెక్కలకు గాడి కొట్టి అరలు దింపుతాను. టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు పెట్టే ముందు థిన్నర్‌తో తుడుస్తాను.

అసలు టెన్షన్ గోడతోనే. ఇటుకల మధ్య మట్టి, పైన సున్నం. డ్రిల్ పెడితే పొడి రాలిపోతోంది, ప్లాస్టిక్ ప్లగ్ పట్టు లేక తిరుగుతోంది. ఇటుక నడిమధ్యలో పొడవాటి యాంకర్ బోల్టు వేస్తే ఆగుతుందా? లేక 45 డిగ్రీల వాలుతో కోసిన పొడవాటి పట్టీని నాలుగైదు చోట్ల బిగించి, దాని మీద షెల్ఫ్ తగిలించడం మేలా? పట్టీ అయితే బరువు ఒకేచోట పడదని నా ఆలోచన.

ఇంకొకటి, వానాకాలంలో ఆ గోడ చెమ్మగిల్లుతుంది. వెనక పలక వేయాలా, ఖాళీగా వదలాలా? లక్క పాలిష్ చెమ్మకు తెల్లబారుతుందంటారు, మరి అవిసె నూనె చాలా?

పాత ఇళ్లలో ఇలాంటి పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.